తోకే మిగిలింది

మొన్న మా అమ్మ మోకాళ్ళు నొక్కి చూసి డాక్టరుగారు "ఆర్థ్రైటిస్" అన్నారు. ఏదో పెద్ద రోగమనుకుని ఆవిడ రాత్రి కంచం తోసేసింది. తెలుగు పంతులునైనా నిఘంటువు తీయక తప్పింది కాదు. గ్రీకులో ఆర్థ్రాన్ అంటే కీలు. 'ఇటిస్' అంటే 'దానికి సంబంధించినది', అంతే. పక్కన 'నోసోస్', అనగా రోగం, ఉండేది. అది స్త్రీలింగం. వాడుకలో అది రాలిపోయినా విశేషణం మాత్రం ఆ లింగంతోనే నిలిచింది! 'వాపు' అన్న అర్థం తరువాతి వైద్యులు అంటగట్టినది. 1886లో అమెరికా డాక్టరు ఫిట్జ్ లాటిన్ మాటకు ఈ గ్రీకు తోక తగిలించి 'అపెండిసైటిస్' అన్నాడు. జర్మనులు తోకను అలాగే ఉంచుకున్నారు. ఫ్రెంచివారు 'ఈత్' అనీ, ఇటాలియనులు 'ఈతె' అనీ కత్తిరించుకున్నారు.

అంతా విని అమ్మ, "కీళ్ళ నొప్పులు బాబూ అని నేను చెబితే, 'కీళ్ళదే' అని గ్రీకులో చెప్పాడా? దానికి ఫీజు కూడానా!" అంటూ కంచం దగ్గరకు లాక్కుంది.