వచ్చినవాళ్ళెందరు, కొన్నవాళ్ళెందరు?

ఇంట్లో పచ్చళ్ళూ, పొడులూ, సకినాలూ చేసి అమ్మే ఆడవాళ్ళు ఇదివరకు గేటుకి చిన్న అట్టముక్క కట్టి ఊరుకునేవారు. ఇప్పుడు వెబ్‌సైట్ పెట్టిస్తున్నారు. సంతోషమే. అయితే పెట్టించాక అది పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి అంటే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తున్నారు. చేసిపెట్టిన కుర్రాళ్ళు నెలనెలా ఒక రంగురంగుల కాగితం పంపిస్తారు. గీతలు పైకి పోతుంటాయి. ‘చూశారా ఆంటీ, ఎంతమంది వచ్చారో’ అంటారు. మనం సరే అనుకుంటాం. చీటీ పాడిన డబ్బులు మాత్రం అలా కరిగిపోతూనే ఉంటాయి.

మా ఆడపడుచు విషయమే చెబుతాను. నాంపల్లిలో ఉంటుంది. చేతిలో రుచి ఉంది, ఓపిక ఉంది. కిందటేడు ఎండాకాలంలో ఆవకాయతో మొదలుపెట్టి గోంగూర, టమాటా, కందిపొడి దాకా అమ్మకానికి పెట్టింది. వెబ్‌సైట్‌కీ, ప్రకటనలకీ ఒక ఏజెన్సీ వాళ్ళని కుదుర్చుకుంది. మొదటి నెల కాగానే ఫోను చేసింది. “వదినా, రెండు వేలమంది వచ్చారట!” అని ఒకటే సంబరం. “ఎంత మిగిలింది?” అన్నాను. “అది ఇంకా చూడలేదు” అంది.

సీసాలకీ, మూతలకీ బేగంబజారు వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు మేమిద్దరం మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగడం అలవాటు. ఆ మార్కెట్ సంగతి మీకు తెలిసిందే. 1935లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో రాతితో కట్టారు, ఆయన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. పళ్ళ మార్కెట్ ఎప్పుడో 1980లలోనే గడ్డిఅన్నారం తరలిపోయింది. పాడుబడిపోతున్న కట్టడాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచాక సాయంత్రం పూట అక్కడ కాలు పెట్టే చోటు ఉండటం లేదు. గడియారం గోపురం కింద ఫోటోలు దిగేవాళ్ళు, పళ్ళ ఐస్‌క్రీం కోసం వచ్చేవాళ్ళు, ఊరికే కూర్చునేవాళ్ళు. ఆ జనాన్నంతా చూపించి మా ఆడపడుచుని అడిగాను. “ఆ మూల అత్తరు కొట్టు ఆయన వీళ్ళందర్నీ లెక్కపెట్టుకుని, ఇవాళ నా కొట్టుకి వెయ్యిమంది వచ్చారు అంటే నవ్వుతావా నవ్వవా?” దానికే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచనలో పడింది.

అక్కడ డ్రైఫ్రూట్స్ కొట్లలో పాతకాలం నుంచీ ఉన్న వ్యాపారులకి కంప్యూటర్ లేకుండానే ఈ లెక్క వచ్చు. వాకిట్లోంచి చూసిపోయేవాళ్ళు వేరు, ధర అడిగేవాళ్ళు వేరు, బాదంపప్పు ఒకటి నోట్లో వేసుకుని చూసేవాళ్ళు వేరు, తూకం వేయించుకుని డబ్బు ఇచ్చేవాళ్ళు వేరు. ‘అడిగిపొయ్యేటోళ్ళతోని గల్లా నిండదమ్మా’ అంటాడు మేము కొనే కొట్టాయన. వెబ్‌సైట్ లెక్క కూడా ఇంతే. ఎంతమంది తలుపు తీశారు, వాళ్ళలో ఎంతమంది సరుకు పేజీ దాకా వచ్చారు, ఎంతమంది బుట్టలో వేశారు, ఎంతమంది డబ్బు కట్టారు, కట్టినవాళ్ళకి సరుకు చేరిందా, చేరినవాళ్ళు మళ్ళీ వచ్చారా. ఈ మెట్లలో జనం ఎక్కడ జారిపోతున్నారో తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే.

అసలు ఆ ‘వచ్చినవాళ్ళు’ అనే అంకెనే కాస్త అనుమానంగా చూడాలి. ఈ లెక్కలు కట్టే గూగుల్ అనలిటిక్స్ అనేది 2005 నుంచి ఉచితంగా దొరుకుతోంది, ఎక్కువమంది వాడేది అదే. అందులో ఒకే మనిషి ఫోనులో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి చూస్తే మామూలుగా ఇద్దరి కిందే పడుతుంది. పేజీ తెరిచిపెట్టి వంట చూసుకుని అరగంట దాటాక మళ్ళీ ముట్టుకుంటే అది ఇంకో రాక కింద రాసుకుంటుంది. మన ఇంట్లోవాళ్ళు రోజుకి పదిసార్లు తెరిచి మురిసిపోతుంటారే, విడిగా చెప్పి తీయించకపోతే అవీ కలుస్తాయి. అందుకే పది సెకన్లకు మించి ఆగినవాళ్ళనో, రెండు పేజీలైనా చూసినవాళ్ళనో అది వేరుగా చూపిస్తుంది. పది సెకన్లంటే పోపులో ఆవాలు చిటపటమనేంత సేపు. ఆ మాత్రం కూడా నిలబడని వాళ్ళని చుట్టాలనుకుని లాభం లేదు.

సరే, ఆ రాత్రి ఇద్దరం నోట్సు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. రెండు వేల రాకల్లో సరుకు పేజీ దాకా వచ్చినవి 300. బుట్టలో వేసినవి 90. ఆర్డర్లు 31. అందులో మూడు పార్సిళ్ళు, ఇంటికొచ్చాక డబ్బిస్తామన్నవి, తీసుకోకుండా తిప్పి పంపారు. చేరినవి 28.

బుట్టలో వేసి వదిలేసినవాళ్ళని చూసి మా ఆడపడుచు చాలా బాధపడింది. అది అంత బాధపడాల్సిన సంగతి కాదు. డెన్మార్క్‌లో బేమార్డ్ అనే సంస్థ ఎన్నో సర్వేలు కలిపి చూసి, బుట్టలో వేసినవాళ్ళలో సగటున నూటికి 70 మంది దాకా కొనకుండానే పోతారని చెబుతోంది. మన దానిలో 65 మంది పోయారు. చీరల కొట్టులో ఇరవై చీరలు విప్పించి లేచి వచ్చేసేది మనం కాదూ! అయితే అదే సంస్థ ఇంకో మాట చెప్పింది. కొందామనుకుని కూడా మానేసేవాళ్ళు ఎక్కువగా చెప్పే కారణం, చివర్లో మీదపడే అదనపు ఖర్చులు. మా ఆడపడుచు పేజీలో కిలో పచ్చడి 530 అని ఉంది. అంతా అయ్యాక ఆఖరున కొరియర్ 70 కలిసేది. ఆటోవాడు దిగేటప్పుడు ఇంకో ముప్ఫై ఇమ్మంటే మనకెలా ఉంటుందో కొనేవాళ్ళకీ అలాగే ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. ఒక కిలోకి వచ్చేది మొత్తం 600. కాయలు, నూనె, కారం, గ్యాసు అన్నీ కలిపి 330. సీసా, అట్టపెట్టె 45. కొరియర్ 70. డబ్బు జమచేసే కంపెనీ కోత 14 దాకా. మిగిలేది 141. ఆ నెల ప్రకటనలకి పెట్టింది 4,200. చేరిన 28 ఆర్డర్ల మీద పంచితే ఒక్కోదానికి 150. అంటే సీసాకి తొమ్మిది రూపాయలు ఎదురిచ్చి పచ్చడి పంపించిందన్నమాట. తిరిగొచ్చిన మూడింటి సంగతి ఇంకా చేదు. వాటికి కొరియర్ రానూపోనూ 140, పచ్చడి, ప్యాకింగ్ కలిపి ఒక్కోదానికి 515 పోయింది. దారిలో తిరిగొచ్చిన సీసాని ఇంకొకరికి పంపుతామా ఏమిటి. మొత్తం నష్టం దాదాపు 1,800. రంగుల కాగితంలో గీత మాత్రం పైకే ఉంది!

ఇందులో ఇంకో పద్దు ఎవరూ రాయరు. అది దాని చేతి కూలి. కాయ తుడవడం, ముక్క కొట్టించడం, కలపడం, సీసాలు ఉడకబెట్టి ఆరబెట్టడం, చీటీలు అంటించడం. ‘ఇంట్లో పనేగా వదినా’ అంది. అదే పనికి మనిషిని పెట్టుకుంటే ఊరికే చేస్తుందా? కిలోకి 40 అయినా సరే వేసి తీరాలని నేనే కొత్త గడి గీశాను. ఆడవాళ్ళ వ్యాపారాలు సగం లాభంగా కనిపించేది ఈ గడి లేకపోవడం వల్లనే అని నా అభిప్రాయం.

తర్వాత ఆ 28 మంది ఎక్కడివాళ్ళో చూశాం. 21 మంది హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలో ఉన్న మన తెలుగువాళ్ళే. ప్రకటన మాత్రం దేశమంతా ఇంగ్లీషులో తిరుగుతోంది. గోంగూర అంటే ఏమిటో తెలియనివాళ్ళు బొమ్మ బాగుందని నొక్కడం, చూడటం, పోవడం. నొక్కినందుకల్లా మన డబ్బులు పోవడం. మార్కెట్‌కి నాంపల్లి వైపు నుంచీ వస్తారు, అబిడ్స్, కోఠీ, బేగంబజారు వైపుల నుంచీ వస్తారు. ఏ దారిన వచ్చేవాడు కొంటాడో కొట్టాయనకి తెలుసు. వెబ్‌సైట్‌లో కూడా ఒక్కో ప్రకటనకీ, వాట్సాప్‌లో పంపే ఒక్కో లింకుకీ వేరువేరు గుర్తు తగిలించవచ్చు. అప్పుడు ఏ దారి ఎంత తెచ్చిందో తేలిపోతుంది. చేసిపెట్టేవాళ్ళకి ఇది పావుగంట పని. అడగండి, మొహమాటపడకండి.

ఇంకో చిన్న పరీక్ష మీరే చేసుకోవచ్చు. ఇంట్లో వైఫై కట్టేసి, మామూలు ఫోనులో మీ పేజీ తెరవండి. గూగుల్ వాళ్ళ లెక్క ప్రకారం పేజీలో ముఖ్యమైన బొమ్మో, రాతో రెండున్నర సెకన్లలోపు కనబడితే బాగున్నట్టు, నాలుగు దాటితే బాగోలేనట్టు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అని వాళ్ళదే ఉచిత పరీక్ష ఉంది, వెబ్‌సైట్ పేరు కొడితే మార్కులు వేసి ఎక్కడ బరువుందో చెబుతుంది. మా ఆడపడుచు మొదటి పేజీలో ఫోనుతో తీసిన పన్నెండు ఫోటోలు ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కించి ఉన్నాయి. వాటి బరువుకి పేజీ మూలుగుతూ తెరుచుకునేది. ఫోటోలు చిన్నవి చేయించి, నాలుగు తీసేయించాం.

రెండో నెల ప్రకటన ఆ మూడు ఊళ్ళకే, తెలుగులోనే ఇచ్చారు. ధర మొదట్లోనే ‘ఇంటికి చేర్చి 600’ అని రాశారు. కొత్తవాళ్ళకి ముందు డబ్బు కడితేనే సరుకు. ఆ నెల వచ్చినవాళ్ళు 800. ఏజెన్సీ కుర్రాడు కంగారుగా ఫోను చేశాడట, “ట్రాఫిక్ పడిపోయింది మేడమ్, బడ్జెట్ పెంచుదాం” అని. ప్రకటన ఖర్చు 1,800, దాని మీద వచ్చిన ఆర్డర్లు 24, ఒక్కటీ తిరిగి రాలేదు. ఆర్డరుకి ప్రకటన ఖర్చు 75, మిగిలింది 66. అంటే 1,584 రూపాయలు. దీనికి తోడు మొదటి నెల కొన్నవాళ్ళలో ఏడుగురు తమంతట తామే మళ్ళీ తెప్పించుకున్నారు. వాళ్ళకి ప్రకటన ఖర్చు లేదు గనక 141 చొప్పున 987. రెండూ కలిపి 2,571. నా కొత్త గడిలో 31 కిలోలకి కూలి 1,240 తీసేసినా ఇంకా 1,331 ఉంది. పెద్ద మొత్తమేం కాదు. కానీ నిజం మొత్తం.

ఆ ఏడుగురే నాకు అన్నిటికన్నా ఇష్టమైన అంకె. మొజంజాహీ మార్కెట్‌లో 1953లో మొదలైన కరాచీ బేకరీ ఇవాళ ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతోంది. అలాంటి కొట్టుకి మనవలు కూడా వెళుతున్నారంటే అది ఒక్కసారి కొని పోయినవాళ్ళ వల్ల నిలబడింది కాదు కదా.

సీజను లెక్క కూడా మరిచిపోకండి. సంక్రాంతి నెలతో మాఘమాసాన్ని పోల్చి ‘అమ్మకం పడిపోయింది’ అని ఏడవకూడదు. రంజాన్‌లో ఖర్జూరాలు అమ్మినట్టు మిగతా నెలల్లో అమ్మడు ఆ కొట్టాయన, వాటిని నిరుటి రంజాన్‌తోనే పోల్చుకుంటాడు. గూగుల్ అనలిటిక్స్‌లో లోతుగా తవ్వి చూసే నివేదికలకి వివరాలు మామూలుగా రెండు నెలలే దాచి ఉంచుతుంది. సెట్టింగులలోకి వెళ్ళి 14 నెలలు అని మార్పిస్తే సంక్రాంతికీ సంక్రాంతికీ పోలిక దొరుకుతుంది. అయినా మీ నోట్సు పుస్తకం మానకండి. వాళ్ళు పాత పద్ధతిలో లెక్క కట్టడం 2023 జూలై 1న ఆపేశారు, 2024 జూలైలో పాత లెక్కలు చూసుకునే వీలు కూడా పోయింది. దాచుకోనివాళ్ళకి ఏళ్ళ పద్దులు చేజారాయి. పుస్తకం అలా పోదు, నెలకొక పేజీ చాలు.

వెబ్‌సైట్ చూసి, ఆర్డరు మాత్రం ఫోనులోనో, వాట్సాప్‌లోనో చెప్పేవాళ్ళు మన దగ్గర బోలెడుమంది. వాళ్ళు ఏ కంప్యూటర్ లెక్కలోకీ రారు. అందుకని మా ఆడపడుచు ఇప్పుడు ఎవరు ఫోను చేసినా ‘మా సంగతి మీకెలా తెలిసిందమ్మా?’ అని అడిగి ఎదురుగా రాసుకుంటోంది. సకినాలు మాత్రం కొరియర్‌లో ముక్కలై చేరుతున్నాయని లెక్క తేలాక బయట ఊళ్ళకి ఆపేసింది. అవి ఇప్పుడు హైదరాబాదులో ఉన్నవాళ్ళకే, శనివారం సాయంత్రం స్కూటీ మీద తనే ఇచ్చివస్తుంది.