ఇరీడియం షౌక్, ఉస్తాద్ నజర్

మొహల్లాలో బండి ఆపి సలాం చెప్పే పిల్లగాళ్లు ఈమధ్య అడిగే సవాల్ ఒకటే. "చాచా, ఇరీడియం ప్లగ్ వేయిస్తే పికప్ ఎంత పెరుగుతుంది?" నా జవాబూ ఒకటే. పెరగదు బేటా. నమ్మరు. ఇంటికెళ్లి అమ్మీ దగ్గర జిద్ చేస్తారు, అమ్మీ దుబాయ్‌లో ఉన్న అబ్బాకి ఫోన్ చేస్తుంది, పైసలు వచ్చేస్తాయి. అందుకే ఈ మజ్మూన్ ఆ పైసలిచ్చే పెద్దలు కూడా చదవాలని రాస్తున్నా. పానా పట్టి కమాయించుకున్న మనిషిగా నా రాయ్ ముందే చెప్పేస్తా: రోడ్డు మీద తిరిగే బండికి, ఇంజన్‌లో కొంత పని చేయించినా సరే, ఖరీదైన ప్లగ్ కంటే సరైన నంబర్ ప్లగ్ ముఖ్యం.

ప్లగ్ తాఖత్ పుట్టించదు. తాఖత్ గాలిలో, పెట్రోల్‌లో ఉంది. ప్లగ్ పని నిప్పురవ్వ వేయడం వరకే. ఉన్న ప్లగ్ ప్రతిసారీ సరిగ్గా అంటిస్తోంటే, ఖరీదైన రవ్వ అంటించేదీ అదే పెట్రోల్‌ని. ఇరీడియంలో ఖూబీ లేదని అనను. నికెల్ దాదాపు 1,450 డిగ్రీల దగ్గర కరిగితే ఇరీడియం 2,400 దాటాక గాని కరగదు. కాబట్టి దాని కొనని 0.6 మిల్లీమీటర్ల దాకా, ఇంకా సన్నగా కూడా చేయొచ్చు. సన్న కొన దగ్గర కరెంటు తేలిగ్గా దూకుతుంది, చలికాలం పొద్దున బండి త్వరగా అందుకుంటుంది, ప్లగ్ చాలాకాలం నడుస్తుంది. అంటే మీరు కొనేది ఉమర్. పల్సర్ ఎన్ఎస్ 200 లాంటి బండికి ఒక్క సిలిండర్‌లోనే మూడు ప్లగ్గులు. మూడింటినీ షౌక్ కోసం మార్చేవాళ్లని చూశాను. బాగున్న ప్లగ్ తీసి పారేయడాన్ని మన ఇళ్లల్లో ఏమంటారో మీకు తెలుసు. ఇస్రాఫ్.

అసలు హిసాబ్ గర్మీ నంబర్‌ది. ప్లగ్ కొన సుమారు 450 డిగ్రీలు దాటాలి, అప్పుడే దాని మీద పేరుకున్న మసి కాలిపోతుంది. 800 పైకి పోతే ఆ కొనే అంగారా అయి, రవ్వ రాకముందే పెట్రోల్‌ని అంటించేస్తుంది. అదే సాగితే పిస్టన్ మధ్యలో రంధ్రం. ఈ రెండు హద్దుల మధ్య ఉంచేది లోపలి తెల్ల పింగాణీ ముక్కు. పొడుగ్గా ఉంటే వేడి త్వరగా దిగదు, దాన్ని హాట్ ప్లగ్ అంటారు. పొట్టిగా ఉంటే వేడి త్వరగా హెడ్‌లోకి దిగిపోతుంది, అది కోల్డ్ ప్లగ్.

హై కంప్రెషన్ పిస్టన్ వేయించారా, బోర్ పెంచారా? అప్పుడు కంపెనీ చెప్పిన దానికంటే ఒక మెట్టు కోల్డ్ ప్లగ్ ఆలోచించొచ్చు. ఒక్క మెట్టు. సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మాత్రమే మారిస్తే పాత నంబరే చాలు, పెట్రోల్ పాళ్లు చూపించుకోండి. మన పిల్లలు ఒకేసారి రెండు మూడు మెట్లు దిగుతారు, రేసు బండికి అదే వేస్తారని. రేసు ఇంజన్ ఎప్పుడూ ఫుల్ థ్రాటిల్‌లో మండుతుంది. మీవాడి బండి చార్మినార్ నుంచి మెహదీపట్నం దాకా సెకండ్ గేర్‌లో పాకుతుంది. ఆ ప్లగ్ 450 ఎప్పుడు చూడాలి? మసి పట్టి మిస్‌ఫైర్ అవుతుంది, ఇల్జామ్ కార్బురేటర్ మీద పడుతుంది.

ఇక్కడే ఒక పెద్ద ధోకా ఉంది. ఎన్‌జీకే, డెన్సో నంబర్లలో అంకె పెరిగితే ప్లగ్ కోల్డ్. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే హాట్. పూరా ఉల్టా. ఎన్‌జీకే 8 బదులు కౌంటర్‌లో కుర్రాడు "8కి 8" అని బాష్ ఇచ్చాడనుకోండి, అది ఎన్‌జీకే లెక్కలో ఇంచుమించు 5. కోల్డ్ కావాలని పోయి, మూడు మెట్లు హాట్ తెచ్చుకున్నట్టు. (ముసలి ఉస్తాదులు బాష్ ప్లగ్‌ని ఇప్పటికీ మైకో అనే అంటారు. ఆ కంపెనీ పేరు 2008 దాకా మైకోనే.) మర పొడుగు కూడా చూడాలి. 12.7 మిల్లీమీటర్ల చోట 19ది బిగిస్తే పిస్టన్ వచ్చి తన్నే ప్రమాదం ఉంది.

మన ఉస్తాదులతో కూడా నాకు ఒక షికాయత్ ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 వచ్చింది, కొత్త బళ్లన్నీ దాదాపు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. వాటికి రెసిస్టర్ ప్లగ్ తప్పనిసరి, ఎన్‌జీకే పేరులో ఆర్ అక్షరం దానికి నిషాన్. అది లేకపోతే రవ్వ గడబిడ కంప్యూటర్‌ని కన్ఫ్యూజ్ చేస్తుంది. పాత డబ్బాలోంచి ఏదో ఒకటి తీసి బిగించే ఆదత్ ఇక చెల్లదు. గ్యాప్ గోరుతో అందాజాగా చూడటమూ చెల్లదు. ఫీలర్ గేజ్ పెట్టండి. చాలా బళ్లకి 0.7, 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కంప్రెషన్ పెంచిన ఇంజన్‌లో రవ్వకి దూకడం కష్టం కాబట్టి కాస్త తగ్గించాలి. ఇరీడియం కొన మీద మాత్రం గేజ్ ఆనించి నొక్కొద్దు, విరిగిపోతుంది. బిగించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పాలి. కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్ వాషర్ ఆనాక పానాతో అర చుట్టు, బస్. జోర్ చూపిస్తే అల్యూమినియం హెడ్‌లో మర పోతుంది.

నంబర్ సరిపోయిందో లేదో చెప్పేది, నాలుగు రోజులు తిప్పి విప్పిన ప్లగ్. పింగాణీ లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఖైరియత్. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, లేదా ప్లగ్ మరీ కోల్డ్. నూనె తడి కనిపిస్తే రింగుల సంగతి చూడాలి. తెల్లగా పొక్కిపోయి ఉంటే వేడి మితిమీరింది. వెండి రవ్వల్లాంటి చుక్కలు కనిపిస్తే అది కరుగుతున్న పిస్టన్, ఆ బండి ఇంటిదాకా కూడా నడపొద్దు.

ఇలా చదవడం ఒక హునర్. ఉస్తాద్ దగ్గర ఏళ్లు షాగిర్దీ చేస్తే వస్తుంది. కానీ మనం దానికి పైసా ఇవ్వం. ఉస్తాద్ ప్లగ్ విప్పి, వెలుతురులో తిప్పి చూసి, తుడిచి, గ్యాప్ సరిచేసి మళ్లీ బిగించి "అంతా బాగుంది, తీసుకెళ్లండి" అంటే, "ఏం మార్చావని మజూరీ?" అంటాం. అదే డబ్బా విప్పి కొత్త ఇరీడియం పెడితే బేరమాడకుండా ఇస్తాం. సామాన్ అమ్మితేనే ఇల్లు గడుస్తుందని మనమే నేర్పాక, మీవాడు ఇరీడియం అడిగినప్పుడు ఆయన వద్దని ఎందుకంటాడు? నేనైతే నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఇప్పుడు సాఫ్‌గా చెప్తున్నా: ప్లగ్ చూసినందుకు మజూరీ వేరే, మార్చినా మార్చకపోయినా. కొందరు ముఖం ముడుచుకుని వెళ్లిపోతున్నారు. పాత ప్లగ్ చేతిలో పట్టుకుని తిరిగొచ్చేవాళ్లూ ఉన్నారు.