గుంయ్‌మనే గిటారు పెట్టె

హోసూరునుంచి మా చందాదారు ఒకావిడ వ్రాసిన ఉత్తరాన్ని ఈ నెల శీర్షికకు తీసుకొంటున్నాము. ఆవిడ అన్నగారు అమెరికానుంచి తిరిగివస్తూ మేనల్లుడికని ఒక చిన్న గిటారు ఆంప్లిఫయరు తెచ్చారు. అన్నగారు ఇప్పుడు లేరు. పెట్టె ఉన్నది; దాన్ని వాయించే కుర్రవాడూ ఉన్నాడు. కాని స్విచ్చి వెయ్యగానే తేనెతుట్టెను కదిలించినట్టు ఒకటే రొద. గిటారు స్వరం కూడా మునుపటిలా లేక నీరసించిపోయిందట. బాగుచేసే దుకాణానికి తీసుకువెళితే, ‘ఈ వాల్వులన్నీ పారేసి ట్రాన్సిస్టరు బోర్డు వేసేస్తాను, పీడా వదిలిపోతుంది’ అన్నాడట ఆ మెకానిక్కు. ఒప్పుకోమంటారా, వద్దంటారా అని ఆవిడ ప్రశ్న.

వద్దనే అంటాము. బోర్డు మారిస్తే మిగిలేది ఆ మేనమామగారు తెచ్చిన పెట్టె కాదు, దాని చెక్క మాత్రమే. పైగా ఇలాంటి యంత్రంలో చెడిపోయేవి చాలా కొద్ది. ఎక్కడ చెడిందో అది తన రొదతోనే చెబుతుంది. వినే ఓపిక కావాలి, అంతే.

ఆవిడ వ్రాసిన వర్ణననుబట్టి అది ఫెండర్ ఛాంప్ అనే రకం. లియో ఫెండర్ గిటార్లకు పేరు పొందకముందు, 1938నుంచి కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపినవాడే. ఆయన చిన్న ఆంప్లిఫయర్లలో ఆ రేడియో వాసన పోలేదు. మన పెద్దల ఇళ్లలో బల్లమీద కూర్చున్న వాల్వు రేడియోకు ఇది తమ్ముడనుకోండి. ఉన్నవి మూడే వాల్వులు: గిటారు స్వరాన్ని పెంచే 12ఏఎక్స్7, స్పీకరును నడిపే 6వి6, కరెంటును ఒకవైపుకు మళ్లించే 5వై3. బలం సుమారు 5 వాట్లు, స్పీకరు ఎనిమిది అంగుళాలు. అంచేత వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దవారు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే, కొత్త దుకాణంకన్న వారి దగ్గరికే వెళ్లండి.

ముందుగా ప్రాణానికి సంబంధించిన మాట. లోపల మూడువందల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీసేసినా కండెన్సర్లలో అది నిలిచి ఉండవచ్చును. కాబట్టి చాసిస్ విప్పే పని తెలిసినవారిదే, కుర్రవాడిది కాదు. రెండో విషయం ఎర్తు. పాత అమెరికా యంత్రాలకు రెండు పిన్నుల ప్లగ్గే ఉండేది. కొన్నింటిలో మెయిన్స్ తీగనుంచి చాసిస్‌కు ఒక కండెన్సరు కూడా కలిపి ఉంటుంది. అది చెడితే గిటారు తీగలకే కరెంటు వస్తుంది. 1972 మే 3న ఇంగ్లండు పక్కనున్న వేల్సులో, స్వాన్సీ అనే ఊళ్లో, లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు కచేరీలో ఎర్తు సరిగాలేని మైకును ముట్టుకొని అక్కడికక్కడే చనిపోయాడు. అందుచేత ఆ కండెన్సరును తీయించి, మూడు పిన్నుల తీగ వేయించి, ఎర్తును చాసిస్‌కు గట్టిగా బిగించాలి. యంత్రం 117 వోల్టులది కనుక మన 230 వోల్టులకు స్టెప్ డౌన్ పెట్టె ఎలాగూ ఉంటుంది. ఆ పెట్టెకు మూడో రంధ్రం ఉన్నంతమాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. మీటరు పెట్టి చూడమనండి. ఈ పని కాకుండా మిగతా వాటి జోలికి పోవద్దు.

ఇక రొద సంగతి. కుర్రవాడు చాసిస్ విప్పకుండా చెయ్యగల పరీక్షలు కొన్ని ఉన్నవి.

గిటారు తీగను ఊడదీసి, వాల్యూము పూర్తిగా తగ్గించి వినమనండి. రొద అలాగే ఉంటే అది వాల్యూము బిరడాకు తరువాతి భాగంలో, అనగా 12ఏఎక్స్7 రెండో సగంలోనో, 6వి6లోనో, కరెంటు ఇచ్చే భాగంలోనో పుడుతున్నది. వాల్యూముతోపాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటే దానికి ముందుభాగంలో ఉన్నది. గిటారు తగిలించినప్పుడే వస్తే ఆంప్లిఫయరు తప్పే కాదు. గిటారు పట్టుకొని కూర్చున్నచోటే నెమ్మదిగా చుట్టూ తిరిగితే ఒక దిక్కులో రొద తగ్గిపోతుంది. ఒకే చుట్ట ఉన్న పికప్పులు ట్యూబులైటు చోకునుంచీ, ఫాను రెగ్యులేటరునుంచీ, స్టెప్ డౌన్ పెట్టెనుంచీ రొదను లాక్కొంటాయి. ఆ పెట్టెను గదికి ఆ చివర పెడితే పైసా ఖర్చు లేకుండా సగం జబ్బు నయమవుతుంది.

తరువాత రొద ఏ స్వరంలో ఉన్నదో పోల్చుకోవాలి. సంగీతం వచ్చినవాడికి ఇది తేలికే. గిటారు శ్రుతి సరిగా ఉంటే, అన్నింటికన్న లావు తీగను మూడో మెట్టులో నొక్కి మీటితే సెకనుకు 98 కంపనాలు వస్తవి. రొద దాదాపు ఆ స్వరంలోనే కలిస్తే అది 100. ఒక స్థాయి కిందికి వినిపిస్తే 50. మన కరెంటు 50 సైకిళ్లది; రెక్టిఫయరు దాన్ని రెట్టింపు చేస్తుంది. కనుక కరకుగా వినిపించే 100 రొద అయితే వడపోత కండెన్సర్లు ఎండిపోయినవనుకోవాలి. మెత్తగా వినిపించే 50 అయితే వాల్వుల ఫిలమెంటు తీగలనుంచో, సరిగా పడని ఎర్తు టంకంనుంచో, గిటారునుంచో వస్తున్నది. అమెరికావారి పుస్తకాలలో 60, 120 అని ఉంటుంది. అది వారి కరెంటు లెక్క, మనది కాదు.

మూడో పరీక్షకు స్విచ్చి తీసి, చల్లారనిచ్చి, 12ఏఎక్స్7ను ఊడదీసి, మళ్లీ స్విచ్చి వెయ్యాలి. అప్పుడు కూడా 100 రొద వస్తుంటే నేరుగా కండెన్సర్ల దగ్గరికి వెళ్లవచ్చును. రొద పోతే ముందు ఆ వాల్వునే మార్చి చూడండి. వాల్వును పెన్సిలుతో మెల్లగా తట్టితే స్పీకరులో టంగుమని మోగినా దోషం దానిదే. ఈ వాల్వుకే ఐరోపావారి పేరు ఇసిసి83. ఒకప్పుడు మన బెంగుళూరు జాలహళ్లిలో భారత్ ఎలక్ట్రానిక్స్‌వారే దీన్ని చేసేవారు. ఇప్పుడు చెయ్యడం లేదు. కొత్తవి రష్యానుంచి, స్లొవాకియానుంచి వస్తున్నవి. బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనో, చెన్నై రిచీ స్ట్రీటులోనో పాత సరుకు దొరికితే అదృష్టం. హోసూరువారికి బెంగుళూరు ఎంత దూరం గనుక!

స్విచ్చి వేసి ఉన్నప్పుడు స్పీకరు తీగను మాత్రం ఎన్నడూ ఊడదియ్యకండి. భారం లేక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. అలాంటిది మళ్లీ సంపాదించడం కష్టం.

ఇక మెకానిక్కుగారికి. వడపోత కండెన్సర్లు 16, 8, 8 మైక్రోఫారడ్లవి, 450 వోల్టులవి. పాతవే ఉన్నట్లయితే రొద ఉన్నా లేకపోయినా మూడింటినీ మార్చండి. వాటి ఆయుర్దాయం ఎప్పుడో తీరిపోయింది. కాని రొద పూర్తిగా చావాలని మొదటిదాని స్థానంలో 100 మైక్రోఫారడ్లది వెయ్యకండి. 5వై3 దాన్ని భరించలేదు. 20 దగ్గర ఆగడం మంచిది. సుయ్‌మనే బుస ఉంటే 12ఏఎక్స్7 ప్లేటుకు ఉన్న లక్ష ఓముల కార్బను రెసిస్టెన్సును, అదీ మొదటి సగానిది మాత్రం, మెటల్ ఫిల్ము రకానికి మార్చండి. అన్నీ మార్చవలసిన పని లేదు. వాల్యూము తిప్పినప్పుడు గరగరమంటే క్లీనరు చుక్క చాలు.

స్వరం నీరసించడానికి రెండు కారణాలు తరుచుగా కనిపిస్తవి. 6వి6 కాథోడు దగ్గరి 25 మైక్రోఫారడ్ల కండెన్సరు ఎండిపోతే బలం తగ్గి గొంతు పీలగా వస్తుంది. దీనికి ఖర్చు కొద్ది రూపాయలే. రెండోది అంతకన్న ప్రమాదకరం. ముందు వాల్వునుంచి 6వి6 గ్రిడ్డుకు స్వరాన్ని చేరవేసే 0.02 కండెన్సరు కారడం మొదలుపెడితే, గ్రిడ్డుమీద ఉండరాని వోల్టేజి చేరి వాల్వు మితిమీరి కాగుతుంది. స్వరం బొంగురుపోతుంది, లోపలి ప్లేటు ఎర్రబడుతుంది. గ్రిడ్డు దగ్గర మీటరు సున్న చూపాలి. చూపకపోతే వాల్వు మార్చి చూసి, అప్పటికీ అంతే అయితే కండెన్సరును మార్చండి. కాథోడుకు ఉన్న 470 ఓముల మీద 19 వోల్టులు కనిపిస్తే ప్రవాహం 40 మిల్లీ ఆంపియర్లన్నమాట. అది ఈ వాల్వు చెయ్యగలిగినంత పని. అంతకుమించి ఎక్కువగా ఉంటే ఎందుకో వెతకాలి.

ఇవన్నీ చేసినా కొంచెం గుంయ్‌మనడం మిగులుతుంది. స్పీకరును నడిపే వాల్వు ఇందులో ఒక్కటే. పెద్ద ఆంప్లిఫయర్లలో రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసి ఒకదాని రొదను మరొకటి కొట్టివేస్తవి; దీనికి ఆ జోడు లేదు. గిటారు మోగుతుంటే ఆ కాస్తా వినిపించదు. మందరం చాలదని కుర్రవాడు అంటే పెట్టెను బల్లమీదినుంచి దించి గోడమూలకు చేర్చి చూడమనండి. ఎనిమిది అంగుళాల స్పీకరునుంచి అంతకుమించి మందరం రాదు.

తీసేసిన భాగాలను పారెయ్యనివ్వకండి. ఒక కవరులో వేసి, మార్చిన తేదీ వ్రాసి, పెట్టె వెనక పలకకు లోపలివైపు అంటించమనండి. గ్రిడ్డు, కాథోడు, ప్లేటు వోల్టేజిలు కూడా ఆ కాగితంమీదే వ్రాయిస్తే, మరోసారి రొద వచ్చిననాడు ఏది మారిందో ఆ అంకెలు చూసి పోల్చుకోవచ్చును.