మెసేజీలో వచ్చే రేటు

మస్కట్‌లోని రువీలో జీతాలు పడిన వారం తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రేట్లు తిరుగుతుంటాయి. ఒకటి రియాల్‌కు ఎన్ని రూపాయలన్నది, రెండోది ఎక్స్ఛేంజీలో నమోదు కాని, ఏదో ఒక అన్‌లిస్టెడ్ షేరుది. మొదటిది నిజమో కాదో వీధి మలుపులో మనీ ఎక్స్ఛేంజ్ బోర్డు చూస్తే తెలిసిపోతుంది. రెండోదానికి అలాంటి బోర్డు ఎక్కడా లేదు. డీలరు ఎంత అంటే అంతే రేటు.

హెచ్‌డీబీ ఫైనాన్షియల్ సర్వీసెస్ షేరు ఇలాగే 1,200 రూపాయలు దాటి చేతులు మారింది. 2025 జూన్‌లో ఐపీఓ వచ్చేసరికి కంపెనీ పెట్టిన ధర 700–740. జూలై 2న 835 దగ్గర లిస్టయింది. ముందే కొన్నవాళ్లకు ఆరు నెలల లాకిన్, నష్టానికి అమ్ముకుందామన్నా కుదరలేదు. అంతకు రెండేళ్ల ముందు, 2023లో, రిలయన్స్ రిటైల్ చిన్న వాటాదారుల షేర్లను 1,362 రూపాయల లెక్కన రద్దు చేసింది. అప్పటికి బయట దాని రేటు దాదాపు రెట్టింపు. ఈ రెండూ ఊరూపేరూ లేని కంపెనీలు కావు. కంపెనీ గట్టిదే, రేటే గాలిలోది.

లిస్టయిన షేరుకు కొనేవాళ్ల వరస, అమ్మేవాళ్ల వరస తెరమీద కనిపిస్తాయి. ఇక్కడ రెండు వైపులా ఉండేది ఒక్క డీలరే. షేరు 1,200 అని మెసేజీ పెట్టినవాణ్నే, మర్నాడు ఇంకో నంబరు నుంచి ‘నా దగ్గరున్నాయి, ఎంతకు తీసుకుంటారు’ అని అడిగి చూడండి. అసలు రేటు అప్పుడు బయటపడుతుంది, జవాబంటూ వస్తే. పైగా డబ్బు ముందు పంపాలి, డీమ్యాట్‌లోకి షేర్లు తర్వాత వస్తాయి. ఆ మధ్య రోజుల్లో మన చేతిలో ఉండేది అతని మాటే.

గల్ఫ్‌కు ఇది కొత్త కథ కాదు. కువైట్ అసలు ఎక్స్ఛేంజీలో నిబంధనలు బిగించాక, బహ్రెయిన్‌లోనూ ఎమిరేట్స్‌లోనూ నమోదైన కంపెనీల షేర్ల బేరాలు అక్కడి సూక్ అల్ మనాఖ్ బజారుకు చేరాయి. ఒకప్పుడు ఒంటెల బేరాలు సాగిన చోటది. రాబోయే తేదీ వేసిన చెక్కులే అక్కడ డబ్బు. 1982 ఆగస్టులో గడువుకు ముందే చెక్కులు బ్యాంకుకు చేరేసరికి, సుమారు 9,400 కోట్ల డాలర్ల కాగితం చిత్తయింది.

ఒమన్‌లో బోర్డు ఉన్న మార్కెట్టే జనాన్ని ముంచిన సందర్భముంది: మస్కట్ సూచీ 1997లో రెట్టింపుకు మించి పెరిగి, మరుసటి ఏడే కుప్పకూలింది. 1998 చట్టంతో నియంత్రణ సంస్థను ఎక్స్ఛేంజీ నుంచి విడదీశారు. నేటి ఫైనాన్షియల్ సర్వీసెస్ అథారిటీ దాని వారసురాలే. ప్రధాన మార్కెట్ షరతులకు అందని షేర్లకు అక్కడ ‘మూడో మార్కెట్’ ఉంది, ఆ బదిలీలకూ డిపాజిటరీలో పద్దు ఉంటుంది.

హైదరాబాద్‌లో కూర్చున్న డీలరు మెసేజీ దాకా ఆ అథారిటీ చెయ్యి చాచలేదు. అన్‌లిస్టెడ్ షేర్ల బేరాలు నడిపే వేదికలకు తన అనుమతి లేదని భారత మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 డిసెంబరులోనే హెచ్చరించింది. ఎన్నారైలు ఇలాంటి షేర్లు కొనేది సాధారణంగా డబ్బు వెనక్కి తీసుకెళ్లే హక్కు లేని పద్ధతిలో. లాభానికే అమ్మినా సొమ్ము ఎన్ఆర్ఓ ఖాతాలో పడుతుంది. అది మళ్లీ మస్కట్ చేరాలంటే పన్ను తేలాలి, అందుకు తగ్గ పత్రాలు కావాలి. ఆ పత్రాల గురించి మెసేజీలో ఒక్క ముక్కా ఉండదు.