నొప్పికి ఏం చేస్తారో ముందే అడగండి

బరువు తగ్గే ఆపరేషన్‌కు సిద్ధపడేవాళ్లు ఖర్చెంతో అడుగుతారు, ఎన్ని కిలోలు తగ్గుతామో అడుగుతారు. ఆపరేషన్ అయిన రాత్రి నొప్పికి ఏం చేస్తారని అడిగేవాళ్లు తక్కువ. ముందుగా అడగాల్సింది అదే.

ఈ ఆపరేషన్ స్లీవ్ రకమైనా బైపాస్ రకమైనా ఇప్పుడు ఎక్కువగా కెమెరాతో, అంటే ల్యాప్రోస్కోపీలోనే చేస్తున్నారు. పొట్ట మీద పడేవి చిన్న గాట్లే. అయినా మొదటి రోజు దగ్గాలన్నా, గట్టిగా ఊపిరి పీల్చాలన్నా, మంచం దిగాలన్నా ప్రాణం మీదికొస్తుంది. కదలకుండా పడుకుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. అందుకే రోగిని వీలైనంత త్వరగా లేపి నడిపిస్తారు. నొప్పి అదుపులో ఉంటేనే ఆ నడక సాధ్యం.

మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి మందులు నొప్పిని బాగా అణుస్తాయి. కానీ ఊబకాయుల్లో చాలామందికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని ఉత్త గురకే అనుకుంటారు. అలాంటివారిలో ఈ మందులు శ్వాసను ఇంకా మందగింపజేస్తాయి. వికారం, వాంతులు కూడా తెస్తాయి. పోనీ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడదామంటే, బైపాస్ అయినవారికి కుట్టు వేసినచోట పుండు పడే ముప్పు పెరుగుతుంది.

ఈ చిక్కులో ఆసరాగా నిలిచేది నరాల బ్లాక్.

పొట్ట పక్క గోడలో మూడు కండరాల పొరలుంటాయి. లోపలి రెండు పొరల మధ్య నుంచి నరాలు సాగుతాయి. అక్కడ మత్తుమందు ఎక్కించి నొప్పిని ఆపే పద్ధతిని 2001లో రఫీ అనే వైద్యుడు వివరించారు. దాని పేరు ట్యాప్ బ్లాక్. అప్పట్లో సూది ఎక్కడిదాకా వెళ్లిందో చేతి స్పర్శతోనే తెలుసుకునేవారు. 2007 నాటికి అల్ట్రాసౌండ్ తెర మీద పొరలను చూస్తూ బుపివకైన్, రోపివకైన్ లాంటి మత్తుమందును ఎక్కించడం మొదలైంది. వెన్ను పక్క కండరం కింద మందు ఎక్కించే ఎరెక్టర్ స్పైనే బ్లాక్ 2016లో వెలుగులోకి వచ్చింది. కొవ్వు మందంగా ఉండి తెర మీద పొరలు మసకగా కనిపిస్తే, సర్జనే లోపలి నుంచి కెమెరాతో చూస్తూ ట్యాప్ బ్లాక్ ఇవ్వవచ్చు.

బ్లాక్‌ను సర్వరోగ నివారిణి అనుకోకూడదు. ట్యాప్ బ్లాక్ పొట్ట గోడ నొప్పినే ఆపుతుంది. లోపలి అవయవాల నొప్పినీ, పొట్టలో నింపిన గ్యాస్ వల్ల భుజానికి పాకే నొప్పినీ ఆపదు. ఒక్కసారి ఎక్కించిన మందు పనిచేసేది కొన్ని గంటలే. మోతాదును రోగి మొత్తం బరువును బట్టి లెక్కకడితే మరీ ప్రమాదం. మందు ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకు విరుగుడైన 20 శాతం లిపిడ్ ఎమల్షన్ ఆపరేషన్ గదిలో సిద్ధంగా ఉండి తీరాలి. గాట్ల దగ్గరే మత్తుమందు బాగా ఎక్కించినచోట బ్లాక్ వల్ల కలిగే అదనపు లాభం కొంచెమే కావచ్చు.

అయినా పారాసెటమాల్‌కు తోడుగా బ్లాక్ గానీ, గాట్ల దగ్గర మత్తుమందు గానీ ఇచ్చి, మార్ఫిన్‌ను చివరి అస్త్రంగా అట్టేపెట్టుకోవడమే సరైన దారి. ఇది ఆస్పత్రి వెసులుబాటును బట్టి కాకుండా ప్రతి రోగికీ అందాలి.

ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం చేసే ముందే మత్తు డాక్టరును కలవండి. గురక సంగతి దాచకుండా చెప్పండి. నొప్పికి ఏ మందులిస్తారో, బ్లాక్ ఇస్తారో లేదో, ఇస్తే ఎవరిస్తారో అడిగి తెలుసుకోండి.