సెంటు భూమి లేకున్నను వ్యవసాయ విద్య

రైల్వే కార్మికుని కుమారుడు రైల్వేలోనే, తపాలా ఉద్యోగి కుమార్తె తపాలాలోనే కొలువు కోరుట మన ఇండ్లలో ఆనవాయితీ. సెంటు భూమి లేనివానికి వ్యవసాయ విద్య ఎందులకని ఒక సహోద్యోగి నన్నడిగినాడు. ఆ విద్యకు పట్టా పుస్తకముతో పనిలేదు.

పదవ తరగతి పిదప రెండేండ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా కలదు. 1945లో నెలకొన్న బాపట్ల వ్యవసాయ కళాశాల విజయవాడ–చెన్నై రైలుమార్గముపైని ఊరనే యున్నది. ఆహార సాంకేతిక శాస్త్రమును సైతము అచ్చట బోధించుచున్నారు. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థలో ధాన్యపు తేమను, తాలును, పురుగును పరీక్షించు సాంకేతిక సహాయకుల కొలువులకు వ్యవసాయ పట్టభద్రులు అర్హులు. మనము వ్యాగన్లలో తరలించు బస్తాల నాణ్యతను తేల్చువారు వీరే.

అయితే ఒక సంగతి దాచరాదు. విత్తన కంపెనీలే కాదు, కొన్ని ప్రభుత్వ శాఖలును ఇట్టివారిని కాంట్రాక్టుపై తీసికొని, గడువు తీరగనే పంపివేయుచున్నవి. కనుక పిల్లలను చేర్పించుటతో మన పని తీరదు. ఖాళీల భర్తీకై, క్రమబద్ధమైన వేతన స్కేలుకై వారు ఆందోళనకు దిగినపుడు మన శాఖలు తోడు నిలువవలెను.

పాలిటెక్నిక్ ప్రవేశ ప్రకటన పదవ తరగతి పరీక్షల పిదప వెలువడును. గ్రామీణ పాఠశాలలలో చదివినవారికి సంబంధించిన నిబంధనలను మన కాలనీల తలిదండ్రులు ముందుగనే చదివి చూచుకొనవలెను.