అనిశ్చితి ఎవరి వాటా?

ఈ మధ్య ఒక శిక్షణ తరగతిలో రెండు రోజులు ‘క్వాంటమ్ నాయకత్వం’ గురించి విన్నాను. సంస్థ యంత్రం కాదట, సంబంధాల అల్లిక అట. రేపేం జరుగుతుందో లెక్కగట్టలేం కనుక అంతస్తులూ ఆజ్ఞలూ పనికిరావట.

1992లో అమెరికాలో మార్గరెట్ వీట్లీ కొత్త భౌతికశాస్త్రం నుంచి నాయకత్వ పాఠాలు తీస్తూ పుస్తకం రాసింది. తర్వాత డానా జోహార్ కంపెనీల కోసం, పోర్టర్ ఓగ్రేడీ, మలోక్ నర్సింగ్ రంగం కోసం ఆ దారిలోనే రాశారు. చిన్న చిన్న స్వతంత్ర బృందాలుగా మారిన చైనా కంపెనీ హయర్‌ని ఆదర్శంగా చూపిస్తారు. ఆ మార్పులో వేలాది మధ్యస్థాయి పదవులు రద్దయిన సంగతి మా తరగతిలో ఎవరూ ఎత్తలేదు.

అధికారం ఒకరి మీద కాదు, ఒకరితో కలిసి ఉండాలని మేరీ పార్కర్ ఫాలెట్ 1920లలోనే చెప్పింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించడానికి ఏ పై అధికారి ఆజ్ఞ కోసమూ చూడలేదు. వీళ్లెవరికీ ఎలక్ట్రాన్ల సాక్ష్యం అక్కర్లేకపోయింది.

హైసెన్‌బర్గ్ 1927లో చెప్పిన అనిశ్చితి సూక్ష్మ కణాలది. ఎలక్ట్రాన్‌కి ఇంటద్దె లేదు, పిల్లల ఫీజుల్లేవు. మన సంస్థల్లో అనిశ్చితి అందరికీ సమానంగా పంచుతున్నామా? నిధులు ఆగితే డైరెక్టరు ఇంకో ప్రాజెక్టు రాసుకుంటుంది. ఊళ్లో తిరిగే కార్యకర్త మూడు నెలల గౌరవ వేతనం కోసం ఎదురుచూస్తుంది. పైగా ‘మార్పును ఆహ్వానించు’ అని ఆమెకే పాఠం!

అంతస్తులు లేవంటే అధికారం పోదు, కంటికి కనబడకుండా పోతుంది. 1970ల తొలినాళ్లలో అమెరికా స్త్రీవిముక్తి బృందాల అనుభవంతో జో ఫ్రీమన్ చేసిన హెచ్చరిక ఇదే. రాసుకున్న నియమాలు లేని చోట లోపలి స్నేహాలే పెత్తనం చేస్తాయి. మన దగ్గర ఆ స్నేహాలకు కులం, ఇంగ్లీషు, నగరం తోడవుతాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం అంది. ‘మాది కుటుంబంలాంటి సంస్థ’ అనేవాళ్లలో ఎందరు దాన్ని వేశారు?

నేను అంతస్తులను వెనకేసుకు రావడం లేదు. అధికారం పంచుతామంటే జీతాల పట్టిక, బడ్జెట్టు, నియమావళి కూడా బల్ల మీద పెట్టమంటున్నాను. ఈ సిద్ధాంతం మీద పరిశోధన చేసేవాళ్లు నాయకురాలి దృక్పథం కొలిచే ముందు కార్యకర్తను ఒక్క మాట అడగాలి: “అమ్మా, వచ్చే నెల జీతం వస్తుందని నీకు నమ్మకముందా?”